కమ్మీ పొడవు, కంటి తీర్పు

ఒక పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో అక్షరాస్యతను చూపు కమ్మీ రేఖాచిత్రమును చూచితిని. 2011 జనాభా లెక్కల ప్రకారము, అప్పటి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 64 శాతము. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో 61. పటముపై వ్రాసిన అంకెలు సరియైనవే. కాని కరీంనగర్ కమ్మీ ఆదిలాబాదు కమ్మీకి నాలుగింతల ఎత్తున నిలిచినది! కాగితము చాలదని కాబోలు, విద్యార్థి నిలువు అక్షమును సున్న నుండి గాక 60 నుండి మొదలుపెట్టినాడు. ఇక మిగిలిన ఎత్తులు 4, 1. దూరము నుండి చూచువారు అంకెలు చదువరు, పొడవులనే పోల్చుదురు. ఆదిలాబాదు బిడ్డలు చదువులో నాలుగవ వంతే యని తలచి వెళ్ళిపోవుదురు.

1786లో స్కాట్లండు దేశీయుడైన విలియం ప్లేఫేర్ తన గ్రంథములో కమ్మీ రేఖాచిత్రమును ప్రచురించినాడు. అందు పొడవే పరిమాణమునకు గుర్తు. కనుక కమ్మీ సున్న నుండి లేవవలసినదే. ఉష్ణోగ్రతల గ్రాఫు వంటి గీతకు ఈ నిర్బంధము లేదు; అక్కడ మనము చూచునది గీత యొక్క వాలును.

శాతమునకు ఒక మిల్లీమీటరు చొప్పున మరల గీయుడు. కమ్మీలు 64, 61 మి.మీ. ఉండును, దాదాపు సమానము. ఇప్పుడు స్త్రీ పురుషులకు వేరు వేరు కమ్మీలు చేర్చుడు. ఆదిలాబాదులో పురుషులు సుమారు 71, స్త్రీలు 51. కరీంనగర్‌లో 74, 55. రెండు జిల్లాల నడుమ భేదము 3 మాత్రమే. ఒకే జిల్లాలోని స్త్రీ పురుషుల నడుమ దాదాపు 20! మొదటి పటము చూడనీయనిది దీనినే.

వృత్తములతో చిక్కు వేరు. కరీంనగర్ జనాభా సుమారు 38 లక్షలు, ఆదిలాబాదుది 27 లక్షలు. వ్యాసార్ధములను 38, 27 మి.మీ.గా తీసికొన్నచో పెద్ద వృత్తపు వైశాల్యము చిన్నదానికి రెండింతలగును. నిజమైన నిష్పత్తి 1.4 మాత్రమే. వ్యాసార్ధములు సంఖ్యల వర్గమూలముల నిష్పత్తిలో ఉండవలెను. అనగా 27 మి.మీ.కు సరిజోడు 32 మి.మీ.

జిల్లాల పటమునకు రంగులు వేయునపుడును వైశాల్యమే కన్నును లాగును. ఆదిలాబాదు విస్తీర్ణము సుమారు 16 వేల చదరపు కిలోమీటర్లు, కరీంనగర్‌ది 12 వేలు. జనము మాత్రము కరీంనగర్‌లోనే ఎక్కువ. అందుచే రంగును జనాభాకు గాక జనసాంద్రతకు వేయుడు: ఆదిలాబాదుకు చదరపు కిలోమీటరునకు దాదాపు 170, కరీంనగర్‌కు 320. ఎరుపు, పచ్చ, నీలము కలుపనక్కరలేదు. ఒకే రంగు, ఒకచోట పలుచగా, వేరొకచోట చిక్కగా.