తూములో దిగే మనిషికి బదులు పైపుల యంత్రం

దోమకొండ: చెరువు తూము పూడుకుపోతే మన ఊళ్లలో చేసే పని ఒకటే. ఈత బాగా వచ్చిన మనిషి నడుముకు తాడు కట్టుకొని మునుగుతాడు. నీరు లాగే జోరుకు కాలు చిక్కిందంటే పైవాళ్లు తాడు ఎంత లాగినా లాభముండదు. ఆ మనిషికి బదులు యంత్రాన్ని దింపి చూడవచ్చునా? ఇంజనీరింగు విద్యార్థులు ఎన్నాళ్లుగానో ఈ పని మీదే ఉన్నారు.

ఇదేమీ జలాంతర్గామి అంత గొప్ప సంగతి కాదు. 1997లో హ్యారీ బోమ్, విక్కీ జెన్సన్ రాసిన పుస్తకంలో బడిపిల్లలు సైతం చేయగల నమూనా ఉంది. దాని ఆధారంగా అమెరికాలోని ఎం.ఐ.టి. 2003లో 'సీపెర్చ్' పేరిట పాఠశాలల్లో దీన్ని నేర్పడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ నీటిపైపులతో చట్రం, మూడు చిన్న మోటార్లు, వాటికి రెక్కలు, తేలడానికి బెండు ముక్కలు. ఒడ్డున బ్యాటరీ, స్విచ్చుల పెట్టె. మోటారులోకి నీరు చొరకుండా ఫోటో రీలు డబ్బీలో పెట్టి మైనం పోస్తారు. బోరు మోటారు వైండింగు కాలి పైకి లాగించిన రైతుకు ఈ తంటా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

నీటిలో రేడియో తరంగాలు కొద్ది దూరానికే అణగిపోతాయి. అందుకే ఒడ్డు నుంచి యంత్రం దాకా కేబుల్ ఉండాలి. కేబుల్ లేకుండా సొంతంగా దారి వెదుక్కునే యంత్రాలకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ విద్యార్థుల పోటీలు పెట్టింది. ఐఐటి మద్రాసులో జరిగిన పరిశోధన నుంచి 2015లో ప్లానిస్ అనే కంపెనీయే పుట్టింది. దాని యంత్రాలు వంతెనల పునాదులను, ఆనకట్టల గోడలను నీటి అడుగున పరీక్షిస్తాయి.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలకు, 1922 నాటి పోచారం ఆనకట్ట మీదుగా వరద పొర్లింది. పక్క కట్ట కోసుకుపోయింది. దిగువ ఊళ్లు భయంతో గడిపాయి. అంత పాత గోడ నీటి కింద ఎలా ఉందో ఒడ్డున నిలబడి ఎవరు చెప్పగలరు?

అయితే యంత్రమే అన్నీ చేస్తుందనుకోవద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగినప్పుడు, 200 అడుగులకు పైబడిన లోతులో అది ఎక్కడుందో వెదకడానికి సోనార్ తెచ్చారు. అక్టోబరు 22న దాన్ని ఒడ్డుకు లాగింది మాత్రం కాకినాడ ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుప తాళ్లతో.

చెరువులో మరో చిక్కు బురద. వానాకాలపు ఎర్రనీటిలో కెమెరాకు మూరెడు దూరం కూడా కనిపించదు. నీరు తేరుకున్నాకనే దింపాలి. దానికి ముందు పశువుల తొట్టిలో వేసి చూడవచ్చు. ఒక పక్కకు ఒరిగితే బెండు ముక్కలు సర్దాలి. తూము తెరిచి ఉండగా దించితే మనిషిని లాగినట్టే దీన్నీ లాగుతుంది. కాకపోతే పోయేవి నాలుగు పైపులు, మూడు మోటార్లు.