నడుముకి బుర్ర, ఒంటికి డ్రైసూట్

కోరుకొండలో మా పొలం పక్క చెరువులో నాకు ఈత నేర్పింది తాతయ్య. ఎండిన ఆనపకాయ బుర్రలు రెండు నా నడుముకి కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూసేవారు. "అమ్మడూ, బుర్ర నడుం దాటి జారనివ్వకే. కాళ్ల మీదికెళ్లిందంటే తల కిందికి పోద్ది" అనేవారు. ముప్పై ఏళ్ల తరవాత, సియాటెల్ సముద్రంలో తలకిందులుగా వేలాడుతున్నప్పుడు నాకా మాట గుర్తొచ్చింది. నా కొత్త డ్రైసూట్‌లోని గాలంతా పాదాల్లోకి చేరిపోయింది.

నేను స్కూబా నేర్చుకున్నది అండమాన్‌లో. అక్కడి నీళ్లు 28 డిగ్రీలుంటాయి, పల్చటి వెట్‌సూట్ చాలు. ఉద్యోగం కోసం సియాటెల్‌కి వచ్చాక తెలిసింది, ప్యూజెట్ సౌండ్ అనే ఈ సముద్రపు పాయలో ఎండాకాలంలో కూడా లోతున నీళ్లు పది పన్నెండు డిగ్రీలేనని. నీరు మన ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వెట్‌సూట్ లోపలికి కొద్దిగా నీరు వస్తుంది, ఒంటి వేడికి ఆ నీరు వెచ్చబడుతుంది. డ్రైసూట్ నీటిని లోపలికే రానివ్వదు. మెడకీ మణికట్లకీ బిగుతైన రబ్బరు పట్టీలు, నీరు చొరని జిప్పు ఉంటాయి. లోపల మందపాటి ఉన్నిలాంటి బట్టలు వేసుకుంటాం. వెచ్చదనం ఆ బట్టలదీ, వాటి మధ్య నిలిచిన గాలిదీ. వాటిని తడవకుండా చూడడమే సూట్ పని.

ఒళ్లు తడవకుండా నీళ్లలో దిగాలన్న కోరిక ఇప్పటిది కాదు. ఫిన్లాండ్‌లోని రాహె పట్టణంలో, 18వ శతాబ్దంలో తోలుతో కుట్టిన డైవింగ్ సూట్ ఒకటి మ్యూజియంలో ఉంది. నీరు కారకుండా దానికి తారు పూశారు. దానికి 'ముసలాయన' అని అర్థమొచ్చే ముద్దుపేరు పెట్టుకున్నారు అక్కడివాళ్లు.

నా సూట్‌తో స్నేహం నీళ్లలో కాదు, ఇంట్లోనే మొదలైంది. మెడపట్టీ బిగుతుగా ఉంటే మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్లు తిరుగుతాయి. వదులైతే నీళ్లొస్తాయి. అందుకని స్టీలు గిన్నె మీదికి ఎక్కించి రాత్రంతా సాగనిచ్చాను. పట్టీ సులువుగా జారడానికి వాసన లేని పౌడరు రాయాలి. నూనె తగిలితే ఈ రబ్బరు పాడైపోతుంది. శనివారం తలకి కొబ్బరినూనె పెట్టుకునే అలవాటు నాది. డైవింగ్ ఆదివారం కాబట్టి, ఆ అలవాటుని సోమవారానికి మార్చుకున్నాను. గాజులు, మెడలో గొలుసు తీసి డబ్బాలో పెడతాను. గోళ్లు కత్తిరించుకుంటాను, గోరు గీసుకుంటే పట్టీ చిరుగుతుంది. పట్టీ కింద ఒక్క వెంట్రుక పాయ ఇరుక్కున్నా దాని వెంటే నీరు దారి చేసుకుంటుంది. అంతా వేసుకున్నాక గొంతుక్కూర్చుని, మెడ దగ్గర పట్టీని వేలితో కొంచెం ఎత్తితే లోపలి గాలి బుస్సుమని బయటికి పోతుంది.

నీళ్లలో దిగాక అసలు పాఠం. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. సూట్‌లోని గాలి సగమైపోతుంది. 20 మీటర్లకి మూడోవంతే మిగులుతుంది. గాలి తగ్గినకొద్దీ సూట్ ఒంటికి అతుక్కుని, మడతలు చర్మాన్ని గిల్లుతాయి. మొదటిరోజు ఆ గీతలు ఎర్రగా తేలి సాయంత్రం దాకా నా తొడల మీదే ఉన్నాయి. ఛాతీ మీదున్న బొత్తాం నొక్కితే సిలిండర్‌లోంచి గాలి వస్తుంది. కొద్దికొద్దిగా, ఒంటికి పట్టు సడలేంత మటుకే నొక్కాలి. పైకొచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. ఎడమ భుజం కింద ఉండే వాల్వ్ దాన్ని వదిలేస్తుంది. కానీ గాలి ఎప్పుడూ ఎత్తున్న చోటికే పోతుంది కాబట్టి, ఎడమ మోచెయ్యి అన్నిటికంటే పైన ఉంటేనే బయటికి దారి దొరుకుతుంది.

నేను చేసిన తప్పు అక్కడే. కింద పీతని చూడాలని తల వంచాను, కాళ్లు పైకి లేచాయి, గాలి పాదాల్లోకి పరిగెత్తింది. అక్కడ వాల్వ్ లేదు. అలాగే వదిలేస్తే గాలి ఉబ్బుతూ మనిషిని బెండులా పైకి విసిరేస్తుంది. అంత వేగంగా పైకొస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. నేనున్నది ఐదు మీటర్ల లోతులో, శిక్షకురాలు పక్కనే ఉన్నారు. ఆవిడ నేర్పినట్టే మోకాళ్లు పొట్టలోకి ముడిచి, బంతిలా దొర్లి నిటారయ్యాను. ఎడమ మోచెయ్యి ఎత్తాను. బుడగలు గలగలా బయటికి పోయాయి. అందుకే, శిక్షణ లేకుండా ఈ సూట్ వేసుకుని లోతుకి దిగొద్దని అందరికీ చెబుతాను.

తరవాత ఐదు ఆదివారాలు చేపల్ని పట్టించుకోలేదు. వెస్ట్ సియాటెల్‌లోని సీక్రెస్ట్ పార్క్ ఒడ్డు దగ్గర, ఆరు మీటర్లు దాటకుండా, గాలి ఎక్కడుందో కనిపెట్టడమొక్కటే పని. సూట్ నిండా గాలి కాబట్టి తేలిపోకుండా సీసమూ ఎక్కువ కావాలి. అండమాన్‌లో నాలుగు కిలోలు చాలేవి, ఇక్కడ పన్నెండు కట్టుకున్నాను. అవసరానికి మించి సీసముంటే దానికి సరిపడా గాలీ ఎక్కువ నింపాల్సొస్తుంది, ఆ ఎక్కువ గాలే అటూ ఇటూ పరిగెడుతుంది. వారం వారం కొంచెం తీస్తూ పదికి తెచ్చాను. చెరువులో తాతయ్య కూడా ఒక బుర్ర ముందు విప్పి, రెండోది పది రోజుల తరవాత విప్పారు.

ఆరో ఆదివారం, పాత దుంగల మీద తెల్లటి కాలీఫ్లవర్ పువ్వుల్లా విచ్చుకున్న సీ ఎనిమోన్లని నలభై నిమిషాలు చూశాను. చలి తెలియలేదు. సూట్ ఉన్న సంగతే గుర్తు రాలేదు. ఒడ్డుకొచ్చి విప్పితే లోపలి బట్టలు పొడిగా ఉన్నాయి, కుడి మణికట్టు దగ్గర ఒక్క తడి మచ్చ తప్ప.

ఇప్పుడు నాతో దిగే స్నేహితురాలి వీపు మీది జిప్పు నేనే వేస్తాను. వేశాక చివర పట్టుకుని రెండుసార్లు లాగి చూస్తాను.