గోల్డ్‌ఫిష్ పైకొచ్చి నోరెందుకు తెరుస్తుంది?

తొట్టెలో గోల్డ్‌ఫిష్ మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తోందా? ఆకలనుకుని గుప్పెడు మేత వేసేయకండి! చాలాసార్లు దానికి కావలసింది తిండి కాదు, ఊపిరి.

చేప తన మొప్పలతో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. నీరు వేడెక్కేకొద్దీ ఆ ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఇక మన ఎండాకాలం సంగతి చెప్పాలా! గాలి తగిలే పైపొరలో కాస్త ఎక్కువుంటుంది. అందుకే ఆ పైకి పరుగు.

మరో కారణం అమ్మోనియా. మిగిలిన మేత కుళ్లినా, చేప విసర్జించినా పుడుతుంది. మొప్పలను దెబ్బతీస్తుంది.

గుండ్రటి చిన్న గాజుగిన్నెలో ఈ రెండు ఇబ్బందులూ త్వరగా ముదురుతాయి. అది చూడ్డానికి ముచ్చటే కానీ, నన్నడిగితే చేపకు జైలు.

చేప ఇలా పైకొస్తుంటే ముందు నాలుగోవంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి.