ఇంచికి ఎన్ని పోగులు?

మీ చొక్కా లేబుల్ మీద మహారాష్ట్రలోని భివండీ పేరు ఎక్కడా ఉండదు. అక్కడి సాంచాల (మరమగ్గాల) మీద దిగేది గ్రే బట్ట. రంగుండదు, బ్రాండుండదు. తానులుగా లారీలెక్కి బాలోత్రాకో జేత్‌పూర్‌కో సూరత్‌కో చేరాకే దానికి రంగూ పేరూ వస్తాయి.

భివండీ నుంచి కల్యాణ్ దారి పడితే టెంఘర్ తగులుతుంది. చుట్టుపక్కల పట్నాలకు ఈ పేరు నీళ్ల వల్ల తెలుసు. ఉల్లాస్ నది నీటిని షహాడ్ దగ్గర తోడి, టెంఘర్‌లో శుద్ధి చేసి ఠాణే, భివండీ, మీరా-భయందర్‌లకు పంపుతారు. బట్టకూ నీళ్లు కావాలి. పత్తి చేను మొదలుకొని లెక్కేస్తే ఒక్క నూలు టీషర్టుకు సుమారు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంచనా. అన్ని నీళ్లు తాగిన బట్టను నాలుగు ఉతుకులకే పారేస్తే పోయేది మన డబ్బొక్కటే కాదు.

భివండీలోని పద్మానగర్‌లోకి వెళ్తే కరీంనగర్, వరంగల్, నల్లగొండ యాసలే. చేమగ్గం కూడు పెట్టక ఊరు విడిచిన పద్మశాలీలు తరాలుగా ఇక్కడ ఉంటున్నారు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. బట్ట ఎన్నాళ్లు మన్నుతుందో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. తేల్చేది మాత్రం సాంచా నడిపేవాడు కాదు, ఆర్డరిచ్చే వ్యాపారి.

ఆ కిటుకు పిక్కులో ఉంది. ఇంచి బట్టలో ఎన్ని పేక పోగులు పడ్డాయన్నదే పిక్కు. 60 పిక్కుల బట్ట మీటరు దిగాలంటే నాడె దాదాపు 2,360 సార్లు పడుగు దాటాలి. దాన్ని 48కి దించితే 1,890 సార్లు చాలు. నూలు మిగిలింది, కరెంటు మిగిలింది, టైమూ మిగిలింది. పలచబడిన సంగతి కొనేవాళ్లకు తెలియకుండా ఫినిషింగ్‌లో గంజి దట్టంగా పట్టిస్తే షాపులో బట్ట పెళపెళలాడుతుంది. మొదటి ఉతుకుతో గంజి పోతుంది, పోగులు పక్కకు జరుగుతాయి, భుజం దగ్గర కుట్టు విడుతుంది. చవకగా కొన్నామనుకుంటాం గానీ, ఏడాదికి మూడు చొక్కాలు కొన్నాక లెక్క చూసుకోవాలి.

పారేసినా రీసైకిల్ అవుతుందిలే అన్న భరోసా కూడా వద్దు. బట్టలకు వాడే సరుకులో మళ్లీ కొత్త బట్టగా మారేది ఒక్క శాతం కూడా లేదని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో తేల్చింది. పానిపట్‌లో పాత ఉన్నిని చీల్చి దుప్పట్లు చేస్తారు, నిజమే. నూలూ పాలిస్టరూ కలగలిసిన బట్టను విడదీయడం అంత తేలిక కాదు. మన అమ్మమ్మలకు ఈ తిప్పలు లేవు. నూలు చీర చిరిగితే ఉయ్యాలయ్యేది, తర్వాత బొంతయ్యేది, చివరికి మసిగుడ్డయ్యేది. పాలిస్టరు చీర మసిగుడ్డగానైనా పనికిరాదు, తడి పీల్చదు. పైగా ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు మురికినీళ్లలో కలుస్తాయి. కిరాణా సంచిని తిట్టే మనం దీన్ని పట్టించుకోం.

‘పర్యావరణ హితం’ అని ట్యాగు తగిలించి రెట్టింపు ధరకు అమ్మేవాటి జోలికి పోనక్కర్లేదు. షాపులో బట్టను లైటుకేసి పట్టి చూడండి. అవతలి మనిషి ముఖం కనిపిస్తే అది చొక్కా గుడ్డ కాదు, దోమతెర. వేళ్ల మధ్య గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలిందా, గంజి ఎక్కువన్నమాట. కుట్టించుకునేవాళ్లు లోపల రెండంగుళాలు వదిలి కుట్టమనండి. ఒళ్లు చేసినా విప్పుకోవచ్చు. రెడీమేడ్‌లో ఆ వెసులుబాటు తక్కువ. చిరుగు పడితే రఫ్ఫు చేయించండి.

బట్టను ఇంకో తొమ్మిది నెలలు ఎక్కువ వాడితే దాని కర్బన, నీటి, చెత్త భారం 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతుందని బ్రిటన్ సంస్థ వ్రాప్ 2012లో లెక్క కట్టింది. ఈ బతుకమ్మకు కొత్త చీర మానేయమని ఎవరూ అనడం లేదు. గట్టిది చూసి కొనండి, వచ్చే బతుకమ్మకూ అదే కట్టండి.