ఫైలునకు కట్టిన చీటీ

నాంపల్లి స్టేషనులో పార్సెలు పంపదలచినవారు మూటను తామే బండిలోనికి చేరవేయరు. కిటికీ వద్ద గుమాస్తాకు అప్పగింతురు. అతడు ముందుగా చూచునది మూటపై చీటీని. ఎవరిది, ఎచ్చటికి పోవలెను అనునవి అందుండును. చీటీ లోపలి సరకులో భాగము కాదు. అయినను అది ఊడిపోయినచో మూట గతి యేమగునో శ్రోతలకు చెప్పనక్కరలేదు.

కంప్యూటరులోని ఫైలునకును ఇట్టి చీటీ కట్టవచ్చును. దానిని సాంకేతికులు ‘ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్’ అందురు. పరిమాణము, యజమాని, మార్పు జరిగిన వేళ అను వివరములు ప్రతి ఫైలునకును ఎట్లును ఉండును. అవి చాలనపుడు ఈ చీటీ వచ్చును. దానికి ఒక పేరు, ఒక విలువ. పాట గల ఫైలునకు ‘ఊరు’ అను పేరుతో ఒక పల్లె పేరు కట్టినచో, పాటలో ఒక్క స్వరమైనను మారదు.

కట్టువారెవరు? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్‌లో ఈ పని కెర్నెల్‌ది. ఇదియే మన గుమాస్తా. మనము వాడు ప్రోగ్రాము తానుగా డిస్కుపై చేయి వేయజాలదు. ‘సెట్‌ఎక్స్‌అట్ర్’ అను పిలుపుతో కిటికీ వద్ద నిలువవలెను. కెర్నెల్ మొదట పేరును, విలువను తన జ్ఞాపకస్థానములోనికి నకలు తీసికొనును. తనిఖీ ముగిసిన పిమ్మట ప్రోగ్రాము చీటీని మార్చివేయకుండుటకే ఈ జాగ్రత్త. పేరు 255 బైట్లను, విలువ 64 కిలోబైట్లను మించరాదు.

తరువాత అధికార విచారణ. చీటీలు నాలుగు తరగతులు. ‘యూజర్’ తరగతి చీటీని ఫైలుపై వ్రాయు హక్కు గలవారు కట్టవచ్చును. ‘ట్రస్టెడ్’ పెద్ద అధికారికే చెల్లును. ‘సెక్యూరిటీ’ కావలివారిది, ‘సిస్టమ్’లో ఎవరెవరికి ఏ హక్కులు గలవో తెలుపు పట్టికలు మొదలగునవి ఉండును. మార్పరానిదిగా ముద్రవేసిన ఫైలునకు చీటీ కట్టుట కుదరదు. హక్కు లేనివానికి కెర్నెల్ ఒక అంకెను మాత్రము తిరిగి పంపును. ఏ గుమాస్తాయు ఇంత పొడిగా బదులీయడని మా యభిప్రాయము.

ఇద్దరు ఏకకాలమున వ్రాయకుండ ఫైలునకు తాళము వేసి, కావలి వ్యవస్థ సమ్మతి గైకొని, పనిని ఫైల్ సిస్టమ్‌కు అప్పగించును. ఎక్స్ట్‌4 అను ఫైల్ సిస్టమ్ చిన్న చీటీని ఫైలు వివరముల నడుమనే యిరికించును. చోటు చాలనిచో వేరొక గడిలో నుంచును. ఫైలు వివరములు మారిన వేళ కొత్తదగును గాని, లోపలి విషయము మారిన వేళ చెక్కుచెదరదు.

ఇంత భద్రముగ కట్టిన చీటీ ఊడునది నకలు తీయునపుడు. నాంపల్లి నుండి కొంత నడిచి ఆదివారమునాడు అబిడ్సు చేరినచో, కాలిబాటపై పాత పుస్తకములు పరచియుండును. కొన్నిటికి మొదటి పుట చించివేయబడి యుండును. పుస్తకము చదువవచ్చును గాని, ఎవరు ఎవరికి కానుకగ నిచ్చిరో తెలియదు.

మా మిత్రులొకరు తమ తాతగారు పాడిన జానపద గీతముల ఫైళ్ళకు ఊరు, సంవత్సరము చీటీలుగ కట్టుకొనిరి. పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, పాత డిస్కును తుడిచివేసిరి. పెన్‌డ్రైవులలో తరచుగ నుండు ఫ్యాట్ పద్ధతిలో ఈ చీటీలకు చోటు లేదు. అదిగాక, లైనక్స్‌లోని ‘సీపీ’ అను నకలు ఆజ్ఞ కూడ, ప్రత్యేకముగ కోరిననే గాని వానిని వెంట తీసికొనిపోదు. పాటలన్నియు వినబడినవి. ఏది ఏ పల్లెదో చెప్పగల తాతగారు మాత్రము లేరు.

మిగిలిన గీతములను ఇంటి పెద్దల వద్ద ఇపుడు వారు మరల సేకరించుచున్నారు. చీటీలు కట్టుట మానలేదు. కాని ప్రతి పాటకు ముందు ఊరి పేరును, సంవత్సరమును ఆకాశవాణి ప్రకటనకర్తవలె తమ గొంతుతోనే పలికి రికార్డు చేయుచున్నారు.