విడిభాగం అవసరమేనా?

యంత్రభాగాల రూపకల్పనలోకి కంప్యూటర్ అడుగుపెట్టిన తొలినాళ్లలో దాని పని గీతలు గీయడమే. 1963లో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ తెర మీద కాంతికలంతో బొమ్మ గీయించింది గాని, ఆ బొమ్మలోని భాగం తయారీకి ఎంతవుతుందో చెప్పలేదు. ఆ లెక్కను 1980ల తొలినాళ్లలో జెఫ్రీ బూత్రాయిడ్, పీటర్ డ్యూహర్స్ట్ అనే ఆచార్యులు సాఫ్ట్‌వేర్‌గా మలిచారు. అందుకు 1991లో వారికి అమెరికా జాతీయ సాంకేతిక పతకం లభించింది.

ఆ పద్ధతిలో ప్రతి విడిభాగమూ మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి: యంత్రం నడిచేటప్పుడు అది పక్క భాగాలకు భిన్నంగా కదలాలా, వేరే పదార్థంతోనే చెయ్యాలా, అది విడిగా లేకపోతే మిగతావాటిని బిగించడం, విప్పడం కుదరదా? మూడింటికీ కాదనే జవాబొస్తే దాన్ని పక్కదానిలో కలిపెయ్యవచ్చు. మరలు, వాషర్లలో చాలావాటికి ఇక్కడే గండం.

ఈ ప్రశ్నలను ఒక చేతివృత్తికి వేసి చూద్దాం. విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవారు అవయవాలను విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, నునుపు చేసి రంగులు వేస్తారు. అక్కడి అంబారీ ఏనుగు బొమ్మకు ఆ మూడు ప్రశ్నలూ వేస్తే, కదలదు, అంతా ఒకే కర్ర, విప్పే పనీ లేదు కాబట్టి ఒకే మొద్దులో చెక్కమనే జవాబు వస్తుంది. కాని అలా చెక్కితే కాళ్ల సందుల్లోకి ఉలి అందదు, కర్రలో ఎక్కువ పాలు పొట్టవుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ అక్కడితో ఆగక, పోతపోయడం, కోత, వంపు వంటి ప్రతి పద్ధతికీ పట్టే సమయాన్నీ, వృథా అయ్యే పదార్థాన్నీ విడివిడిగా లెక్కగడుతుంది.

భాగాన్ని వేలాది చిన్న తునకలుగా ఊహించి, బరువు ఏ తునక మీద ఎంత పడుతుందో గణించే పరిమిత మూలక పద్ధతి మరో దారిలో ఎదిగింది. 1968లో ఉస్మానియాలో ఇంజనీరింగ్ పట్టా పొంది అమెరికాలో స్థిరపడ్డ జె.ఎన్. రెడ్డి దీని మీద రాసిన పాఠ్యగ్రంథం 1984లో వెలువడింది. యంత్రశాస్త్రంలో పేరెన్నికగన్న టిమొషెంకో పతకం 2019లో ఆయనను వరించింది. బరువు మోయని చోట పదార్థాన్ని తొలగించి రూపాన్ని వెతికే ‘టోపాలజీ ఆప్టిమైజేషన్’కు 1988లో బెండ్సో, కికూచి బాట వేశారు. 2018లో జనరల్ మోటార్స్, ఆటోడెస్క్ ఇటువంటి అన్వేషణతోనే 8 భాగాల సీటు బ్రాకెట్‌ను ఒకే ముక్కగా, 40 శాతం తేలికగా, 20 శాతం దృఢంగా నమూనా చేసి చూపాయి.

తేలికైన భాగం వాహనం తిరిగినంత కాలం ఇంధనాన్ని మిగులుస్తుంది. అయితే కొండపల్లి ఏనుగు తొండం విరిగితే మక్కుతో అతికించవచ్చు. ఒకే ముక్కగా చేసిన బ్రాకెట్ ఒక మూల చిట్లితే మొత్తం మార్చాలి. కనుక మూడో ప్రశ్నలోని ‘విప్పడం’ అన్న మాటను తయారీ ఖర్చుతో సమానంగా తూచని లెక్క పర్యావరణం వైపు నుంచి చూస్తే సగం లెక్కే.