దాత వీర్యంతో కృత్రిమ గర్భధారణ

భర్త వలన గర్భం కలిగే అవకాశం లేనప్పుడు, మరొక పురుషుడు దానం చేసిన వీర్యాన్ని భార్య గర్భాశయంలోనికి వైద్యులు ప్రవేశపెట్టి గర్భం కలిగించే చికిత్సను దాత వీర్యంతో కృత్రిమ గర్భధారణ అంటారు. ఇది పురుషుని వంధ్యత్వాన్ని నయం చేయదు. దంపతులకు సంతానం కలిగే మార్గాన్ని మాత్రమే చూపుతుంది.

ఎవరికి అవసరం

సంతానం కలగకపోతే లోపం స్త్రీదేనని భావించడం మన సమాజంలో చిరకాలంగా ఉన్నది. లోపం పురుషునిలోనూ ఉండవచ్చును. వీర్యపరీక్షతో అది తెలుస్తుంది. వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేకపోవడాన్ని అజూస్పెర్మియా అంటారు. శుక్రవాహికలు మూసుకొనిపోవడమే ఇందుకు కారణమైతే, వృషణాల నుండి శుక్రకణాలను సేకరించి ఇక్సీ పద్ధతిలో నేరుగా అండంలోనికి ఎక్కించవచ్చును. కనుక ముందుగా ఆ అవకాశాన్ని పరిశీలించాలి. వృషణాలలో శుక్రకణాలు ఉత్పత్తి కానప్పుడు, ఇక్సీ విఫలమైనప్పుడు, లేదా తండ్రి నుండి తీవ్రమైన జన్యువ్యాధి బిడ్డకు సంక్రమించే ప్రమాదమున్నప్పుడు దాత వీర్యాన్ని ఆశ్రయిస్తారు.

విధానం

దాతకు హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. వీర్యాన్ని −196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. వ్యాధి సోకిన తొలిదినాలలో పరీక్షకు అందకపోవచ్చును గనుక, సాధారణంగా ఆరు నెలల తరువాత దాతను మరల పరీక్షించి, ఆ పిమ్మటనే వీర్యాన్ని వినియోగిస్తారు. అండం విడుదలయ్యే సమయానికి, శుద్ధిచేసిన వీర్యాన్ని సన్నని గొట్టం ద్వారా గర్భాశయంలోనికి పంపుతారు. ఇది కొద్ది నిమిషాల పని. ఫాలోపియన్ నాళాలలో ఒకటైనా తెరచి ఉండాలి. స్త్రీ వయస్సు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది.

చరిత్ర

1884లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విలియం పాన్‌కోస్ట్ అనే వైద్యుడు ఒక వైద్యవిద్యార్థి వీర్యంతో ఈ చికిత్స చేశాడు. రోగి మత్తులో ఉన్నది. ఆమెకు ఏమీ చెప్పలేదు. ఈ సంగతి 1909లో ఒక వైద్యపత్రిక ద్వారా లోకానికి తెలిసింది. ఘనీభవింపజేసిన వీర్యంతో తొలి గర్భధారణలు 1953లో ప్రకటితమయ్యాయి.

చట్టం

భారతదేశంలో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ఈ చికిత్సకు వర్తిస్తుంది. దాత వయస్సు 21 నుండి 55 సంవత్సరాల మధ్య ఉండాలి. సంబంధితులందరి లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి. ఒక దాత వీర్యాన్ని ఒకటి కంటే ఎక్కువ జంటలకు ఇవ్వరాదు. పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డయే. దాతకు బిడ్డపై ఏ హక్కూ ఉండదు.

గోప్యత

మన చట్టం దాత వివరాలను గోప్యంగా ఉంచుతుంది. స్వీడన్‌లో 1985లో అమలులోకి వచ్చిన చట్టం దాత ఎవరో తెలుసుకొనే హక్కును బిడ్డకు ఇచ్చింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 నుండి వీర్యదానం చేసినవారి వివరాలను, బిడ్డకు 18 ఏళ్ళు నిండిన తరువాత కోరితే తెలుపుతారు. అంగీకారపత్రంపై సంతకం చేసేది దంపతులే అయినా, పుట్టుక బిడ్డది. కావున బిడ్డకు ఈ విషయం ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది దంపతులు చికిత్సకు ముందే ఆలోచించుకోవడం మంచిది.